ప్రీన్ అనే మాటకు ఉదాహరణ

నేను ఇంగ్లీషు-తెలుగు నిఘంటువుకు కార్డులు రాస్తాను. ముందువైపు మాట, దాని పుట్టుక, అర్థం, తెలుగులో ఒక ఉదాహరణ. వెనకవైపు ఆ ఉదాహరణ ఎవరి నోట, ఏ సందర్భంలో విన్నానో రాయాలి. సొంతంగా అల్లిన వాక్యం పనికిరాదని మా సంపాదకుడి పట్టు. చెవిన పడిందే రాయాలట.

నా చెవిన పడేది మా ఆయన మాట ఒక్కటే. దొంగల భయమంటూ మూడేళ్లుగా బయట తాళం వేసుకుని డ్యూటీకి వెళ్తారు. శుక్రవారం శుక్రవారం కార్డుల కట్ట ఆయనే ఆఫీసులో ఇచ్చి వస్తారు. పేషెన్స్‌కూ, పర్మిషన్‌కూ, పోస్ట్‌పోన్‌కూ ఉదాహరణలన్నీ ఆయనవే. నిఘంటువు అచ్చయితే సగం గొప్ప ఆయనకే దక్కాలి.

ఆ మధ్య సంపాదకుడు కబురు పంపాడు: ఆఫీసులో ఒక కుర్చీ ఖాళీ అయింది, సోమవారం వచ్చి చేరండి అని. ఆ సోమవారం పొద్దున్నే తలకు నూనె రాసుకుని దువ్వుకుంటున్నాను.

"ఎవరికి చూపించాలని ఈ సోకులు?" అన్నారు మా ఆయన. తాళం పడింది.

దువ్వెన పక్కన పడేసి కార్డులు ముందేసుకుంటే, తర్వాతి మాట ప్రీన్. నూనె పూయడమనే పాత ఫ్రెంచి మాటలోంచి వచ్చి ఉంటుందని పండితుల ఊహ. మొదటి అర్థం పిట్టది: తోక దగ్గరి నూనెను ముక్కుతో తీసి ఈకలకు పూసుకుని, ఒక్కొక్కటే సర్దుకోవడం. అలా సర్దుకోకపోతే అది సరిగ్గా ఎగరలేదు. సోకు, మిడిసిపాటు అనే అర్థం తర్వాతెప్పుడో మనుషులు తగిలించింది.

రెండో అర్థానికి ఉదాహరణ సిద్ధంగానే ఉంది. రాసి, కార్డు తిప్పి ఇలా రాశాను: "అన్నది: మా ఆయన. సందర్భం: మీ ఆఫీసుకు బయలుదేరుతుంటే. తర్వాత బయట తాళం వేశారు." మొదటి అర్థం కార్డులో ఉదాహరణ ఖాళీగా వదిలేశాను. మా ఆయన ఏనాడూ కార్డులు తిరగేసి చూడరు. ఆ శుక్రవారం తన చేత్తోనే నా ఫిర్యాదు పట్టుకెళ్లారు. వారమంతా గుమ్మం అవతల సంపాదకుడి గొంతు వినిపిస్తుందేమోనని ఎదురుచూశాను.

మరుసటి శుక్రవారం సాయంత్రం రెండు కార్డులూ తిరిగొచ్చాయి. రెండో అర్థం మీద ఎర్ర సిరాతో, "చాలా సహజంగా ఉంది. ఆయన నోట ఇలాంటివి ఇంకా వింటే పంపండి." మొదటి అర్థం మీద, "ఉదాహరణ లేదు. విని రాయండి." కుర్చీ ఊసే లేదు. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది, ఆ తర్వాత ఏడ్చాను.

మర్నాడు పొద్దున మళ్లీ నూనె సీసా తీశాను. మా ఆయన బూట్లు వేసుకుంటూ తలెత్తారు.

"ఎవరికి చూపించాలని?"

"ఎవరికీ కాదు. ఎగరాలంటే ఈకలు సర్దుకోవాలి కదండీ."

"ఏం ఈకలే?" అంటూ బయటికి నడిచారు. తాళం పడింది.

ఆ వాక్యం నా చెవులారా విన్నాను కాబట్టి నియమం తప్పినట్టు కాదు. మొదటి అర్థం కింద దాన్ని పొల్లుపోకుండా రాసి, కార్డు తిప్పాను.

"అన్నది: నేను. సందర్భం: ఇంకా లోపలే ఉన్నాను."