రావొచ్చు, రావొద్దు

దంతెవాడ దగ్గర, బచేలీకి అవతల ఓ కాంట్రాక్టు ఇనుప గనిలో రాజేశ్వరరావు నెట్‌వర్కు పని చూసేవాడు. కొండ మీది ఆఫీసుకూ కింద ఉన్న గేటుకూ మధ్య ఒకటే లైను. ఫోన్లు, మెయిళ్లు, లోడింగు రిపోర్టులు అన్నీ అందులోంచే పోవాలి. మెయిలు రెండు నిమిషాలు ఆలస్యమైనా ఎవరికీ పట్టదు. మాట అరక్షణం ఆగితే ముక్కలైపోతుంది. అందుకే అతను రౌటర్‌లో మాటకు ముందు దారి పెట్టాడు. ఎంత రద్దీ ఉన్నా మొదట ఫోను, తర్వాతే మిగతావి.

"పక్కన కూకుని మాటాడినట్టుంది బాబూ," అన్నాడు గేటు కాపలా దేముడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాడు.

కొండ మీద రాళ్లు పగలగొట్టడానికి మందు పేల్చే వేళ దేముడు గేటు మూసేవాడు. సైరను అక్కడిదాకా వినపడదు. పైనుంచి బ్లాస్టరు రాఘవులు ఫోనులో చెప్పాకే బళ్లను వదలాలి.

వానాకాలంలో మేనేజరు రాజేశ్వరరావును పిలిచాడు. బుధవారం మూడింటికి రాయపూర్ ఆఫీసు పెద్దలతో వీడియో మీటింగు. ఇలాంటి మీటింగుల్లో బొమ్మ మాటిమాటికీ ఆగిపోతోంది.

"వీడియోని కూడా ఫోన్ల దారిలో పెట్టు."

"ఆ దారికి హద్దుంది సార్. అది దాటినదాన్ని రౌటర్ పారేస్తుంది. వీడియో వస్తే ఫోను మాటలు తెగిపోతాయి."

"ఒక గంట తెగితే తెగనీ. బ్లాస్టింగు ఒంటిగంటకే అయిపోతుంది కదా!"

రాజేశ్వరరావు మార్చేశాడు. గేటుకు వెళ్లి దేముడితో ఒక మాట చెప్పాలనుకున్నాడు. వాన పడుతోంది. వెళ్లలేదు.

ఆ బుధవారం వాన తగ్గేదాకా ఆగి మూడున్నరకు పేల్చారు. కొండ అదిరింది. నీళ్ల ట్యాంకరు డ్రైవరు గవర్రాజు గేటు దగ్గర తొందరపడుతున్నాడు. దేముడు పైకి ఫోను చేశాడు.

"అయిపోయిందా? బండి రావొచ్చా?"

అటునుంచి రాఘవులు, "ఒక మందు కన్నం పేలలేదు, మళ్లీ పేల్చాలి, ఇప్పుడే రావొద్దు," అన్నాడు. దేముడికి వినపడింది వేరు. "ఒక... ళ్లీ... ఇప్పుడే రావొ..." రావొచ్చు అన్నాడనే అనుకున్నాడు.

గేటు ఎత్తాడు. ట్యాంకరు రెండో మలుపు తిరుగుతుండగా ఆ కన్నం పేలింది. ఎగిరొచ్చిన రాయి అద్దం పగలగొట్టుకుని లోపల పడింది. ఆసుపత్రికి తీసుకెళుతుంటే దారిలోనే గవర్రాజు ప్రాణం పోయింది.

ఆ సాయంత్రమే రాజేశ్వరరావు రౌటర్ చూశాడు. ఆ మధ్యాహ్నం ఫోన్ల దారిలో పారేసిన మాట ముక్కల సంఖ్య వేలల్లో ఉంది. వెనక నుంచి మేనేజరు, "వీడియో తీసెయ్. రౌటర్ ఒకసారి ఆపి మళ్లీ వెయ్," అన్నాడు. అలా చేస్తే అంకెలన్నీ సున్నా అవుతాయని ఇద్దరికీ తెలుసు. అయినా రాజేశ్వరరావు ఆపి మళ్లీ వేశాడు.

విచారణలో దేముడు సరిగా వినలేదని, తప్పు అతనిదేనని తేల్చారు. ఉద్యోగం పోయింది. రెండు వారాలు నిద్రపట్టక, చివరికి రాజేశ్వరరావు విచారణ అధికారికి జరిగిందంతా రాసిచ్చాడు. "దీనికి సబూత్ ఏది?" అని అడిగాడాయన. రాజేశ్వరరావు దగ్గర రుజువేమీ లేదు. కాగితం వెనక్కి ఇచ్చేశారు.

అక్కణ్నుంచి నేరుగా దేముడి ఇంటికి వెళ్లాడు. భార్య అప్పలనరసమ్మ సామాన్లు గోనెల్లో కడుతోంది. రాజేశ్వరరావు చెప్పిందంతా దేముడు విన్నాడు.

"అయితే నా సెవులు బాగానే ఉన్నాయన్నమాట," అన్నాడు. "దంతెవాడ ఎళ్లి పరీచ్చ సేయించుకున్నాను. బాగానే ఉన్నాయన్నారు. నాకే నమ్మకం కుదర్లేదు."

తలెత్తి చూశాడు.

"మాట తెగిపోద్దని నీకు ముందే తెలుసా బాబూ?"

"తెలుసు."

"మరి నాకొక్క ముక్క సెప్పకపోయావా? మనిషినంపి అడిగించేవాణ్ని కదా!"

అప్పలనరసమ్మ గోనె ముడి వదిలేసి లోపలికి వెళ్లిపోయింది.

దేముడు కొక్కేనికున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు.

"గవర్రాజు పెళ్లాం నా మొకం సూడ్డం లేదు. ఇప్పుడు నాకు సెప్పిందే ఆవిడికీ సెప్పు. పద."

దేముడు గడప దాటి, బురదలో నిలబడి రాజేశ్వరరావు కోసం చూస్తున్నాడు.