కందిరీగ మాటల పలక

పలక వెనక మూత ఉబ్బింది. ఆ ఇంట్లో టాబ్లెట్‌ని పలక అంటారు. బ్యాటరీ పాడైందని, ఇక ఛార్జింగ్ పెట్టొద్దని రిపేరు షాపతను చెప్పాడు. మిగిలిన ఛార్జింగ్‌తో ఎంతసేపు నడిస్తే అంతసేపే.

ఆ ఇంటి అమ్మాయికి తొమ్మిదేళ్ళు. అన్నీ వినిపిస్తాయి, అన్నీ అర్థమవుతాయి. పెదాలు, నాలుక మాత్రం చెప్పిన మాట వినవు. పలక మీద గడులుంటాయి. ఒక్కో గడిలో ఒక బొమ్మ, దాని కింద ఒక మాట. గడి నొక్కితే పలక ఆ మాటను పలుకుతుంది. అమ్మాయికి ఊహ తెలిసినప్పటి నుంచి తల్లి ఒక్కో మాటా చేర్చుకుంటూ వచ్చింది. కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి ఇంట్లో అందరూ కందిరీగ అంటారు. ఆ మాటకూ పలకలో గడి ఉంది. తనే పట్టుబట్టి పెట్టించుకుంది.

సోమవారం బడి తెరుస్తారు. కొత్త టాబ్లెట్ బడివాళ్ళే ఇచ్చారు. అందులో వేరే ప్రోగ్రాం ఉంది. పాత పేజీలను ఓపెన్ ఫార్మాట్‌లో, అంటే ఏ ప్రోగ్రామైనా చదవగలిగే ఫైలుగా తెస్తే, ఈ కొత్తది ఉన్నదున్నట్టు తీసుకుంటుందని స్పీచ్ టీచరు చెప్పింది. సెట్టింగ్స్‌లో ఒక్కసారి నొక్కితే చాలంది.

తల్లి నొక్కింది. తాళం బొమ్మ వచ్చింది. ఓపెన్ ఫార్మాట్ సంస్థల ఎడిషన్‌లో మాత్రమే ఉంటుందని దాని కింద రాసి ఉంది.

తండ్రి లిఫ్ట్ మెకానిక్. ఇరుక్కుపోయిన మనుషులతో ఫోన్లో మాట్లాడటం అలవాటున్నవాడు. కంపెనీకి అతనే ఫోన్ చేశాడు. అవతల ఒకమ్మాయి ఎత్తింది. అతను చెప్పిందంతా ఓపిగ్గా విన్నది.

"మీ పాప పేజీలు మీవేనండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరిచి చూసుకోవచ్చు."

"చూసుకోడానికి కాదమ్మా, పట్టుకెళ్ళడానికి."

"దానికి సంస్థల ఎడిషన్ తీసుకోవాలండి. కనీసం పది మందికి తీసుకోవాలి."

"మా మరదల్ని కలుపుకున్నా ఇంట్లో నలుగురమే. చుట్టాల్ని పిలవమంటావా?"

ఆ అమ్మాయి నవ్వింది. నవ్వినందుకు సారీ చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, ఇదివరకు ఆ సదుపాయం మామూలు ఎడిషన్‌లోనే ఉండేదని, పోయినసారి అప్‌డేట్‌లో పైకి మార్చారని, ఎందుకో తనకూ ఎవరూ చెప్పలేదని అంది. పాప పేరు అడిగింది. కందిరీగ అని చెప్పాడు. ఆ పేరుతోనే ఫిర్యాదు రాసుకుంది. జవాబు రావడానికి రెండు వారాలు పట్టొచ్చంది.

సోమవారానికి రెండు వారాలు లేవు. శనివారం పొద్దున తల్లి తన చెల్లెలిని పిలిపించింది.

చెల్లెలు ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. అచ్చుకు వెళ్ళే ప్రతి పేజీ ఆమె కళ్ళ ముందు నుంచి పోవాల్సిందే. పాత పలకలో ఒక్కో పేజీ తెరిచి ఫోన్‌తో ఫోటో తీసింది. పలక ఆపేసి, ఆ ఫోటోలు చూస్తూ కొత్తదాంట్లో గడి తర్వాత గడి కొట్టడం మొదలుపెట్టింది. తల్లి బొమ్మలు వెతికి ఇచ్చేది. ఆసుపత్రి ల్యాబ్‌లో ఆమె పని రక్తం సీసాలకు చీటీలు అంటించడం కాబట్టి ఒక బొమ్మ ఇంకో మాటకు పడకుండా చూసుకుంది. చెల్లెలు కొట్టిన గడిని కొట్టినట్టే కొత్త ప్రోగ్రాం వరుసలో పేర్చుకుంటూ పోయింది.

పిన్ని ఫోటో దగ్గర పేచీ వచ్చింది. పాత పలకలో ఉన్నది ఆమె ఎప్పుడో దిగిన ఫోటో.

"కొత్తది పెట్టక్కా, ఇందులో మరీ చిక్కిపోయి ఉన్నాను," అంది చెల్లెలు.

"పాతదే ఉంచు," అన్నాడు బావ. "కొత్తది పెడితే గడి చాలదు."

మరదలు చేతిలో ఉన్న దువ్వెన అతని మీదికి విసిరింది. కందిరీగ సోఫాలో నుంచి అంతా చూస్తోంది. ఆమె నవ్వితే భుజాలు ఊగుతాయి. ఊగాయి.

ఆదివారం మధ్యాహ్నానికి పని అయింది. తల్లి పై వరుసలో గడులు నొక్కి చూసింది. అమ్మ, నాన్న, నేను, కావాలి, వద్దు. అన్నీ సరిగ్గానే పలికాయి. టాబ్లెట్ తెచ్చి కూతురి ఒళ్ళో పెట్టింది.

కందిరీగ మాట్లాడేటప్పుడు పలక వంక చూడదు. ఎదుటివాళ్ళ ముఖం చూస్తుంది. వేళ్ళు వాటంతటవే పోతాయి. పిన్ని ముఖం చూస్తూ నాలుగు గడులు నొక్కింది.

"నేను సబ్బు రేపు కిటికీ," అంది టాబ్లెట్.

పిన్ని నవ్వింది, తండ్రి కూడా. కందిరీగ మళ్ళీ నొక్కింది, ఈసారి నెమ్మదిగా. సబ్బు, రేపు, కిటికీ. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె టాబ్లెట్‌ను బోర్లించి నేల మీద పెట్టింది. బీరువాకూ గోడకూ మధ్య సందులోకి వెళ్ళి మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

గొంతు కొత్తది కదా, అందుకేమో అనుకున్నారు. గొంతు మార్చి వినిపించారు. ఆమె గోడ వైపు తిరిగింది. బొమ్మలు పెద్దవి చేశారు. లాభం లేకపోయింది. అలవాటు కావాలంతే, నాలుగు రోజులు పడుతుందన్నాడు తండ్రి. ఆ నాలుగు రోజులూ బడిలో నోరు కట్టేసుకుని కూర్చుంటుందా అని తల్లి అడిగింది.

తల్లి పాత పలక తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఆన్ చేయలేదు. కూతురు పట్టుకునేటట్టు పట్టుకుని చూసింది. వెలుతురు ఏటవాలుగా పడటంతో స్క్రీన్‌గార్డు మీద వేళ్ళ జాడలు కనిపించాయి. ఎక్కువ వాడిన చోట్ల మెరుపు పోయింది. అన్నిటికంటే ఎక్కువ అరిగిన చోటు రెండో వరుస మధ్యలో ఉంది.

చెల్లెలిని పిలిచి, ఇక్కడ ఏ మాట ఉంది అని అడిగింది. చెల్లెలు ఫోన్లో ఫోటో తెరిచింది.

"ఏమీ లేదక్కా. ఖాళీ."

"ఏమీ లేని చోట ఇంత అరిగిందేమే?"

చెల్లెలు ఫోటో వంక, కొత్త టాబ్లెట్ వంక మార్చి మార్చి చూసింది. తర్వాత కుర్చీలో కూలబడింది.

"నేనే మూసేశాను. రెండు మాటల మధ్య అక్కర్లేని ఖాళీ కనిపిస్తే మూసేస్తాం కదా. రోజూ చేసే పనే. చేతిలోంచి వచ్చేసింది. అన్ని పేజీల్లోనూ అలాగే చేశాను."

ఆ ఖాళీ పోవడంతో దాని తర్వాతి గడులన్నీ ఒక్కో అడుగు ముందుకు జరిగాయి. బొమ్మా మాటా కలిసే జరిగాయి కాబట్టి చూసేవాళ్ళకు తప్పు కనిపించదు. చూడకుండా మాట్లాడే పిల్లకు అక్కడి నుంచి ఒక్క మాటా దొరకదు. ఫైలుగా వచ్చి ఉంటే ఖాళీ కూడా ఖాళీగానే వచ్చేది.

కొత్త ప్రోగ్రాం గడి లేకుండా చోటు వదలదు. బొమ్మ లేని, మాట లేని గడి ఒకటి తయారుచేసి, ముందు మొదటి పేజీలో రెండో వరుస మధ్యలో పెట్టారు. మిగతావి వెనక్కి జరిగి వాటి వాటి చోట్లలో కూర్చున్నాయి. తల్లి బీరువా పక్కన నేల మీద చతికిలబడి, టాబ్లెట్‌ను సందులోకి జరిపింది.

చాలాసేపటికి కందిరీగ చెయ్యి చాచింది. చూపుడు వేలు పోయి ఖాళీ గడి మీద ఆగింది. అక్కడి నుంచి పక్క గడికి, దాని కింది గడికి వెళ్ళి, మళ్ళీ ఖాళీకి వచ్చింది. తర్వాత ఆమె తలెత్తి తల్లి ముఖం చూసింది.

"అమ్మ, ఇది ఎవరు పాడుచెయ్యి?" అంది టాబ్లెట్.

తల్లి చెల్లెలి వైపు చూపించింది. చెల్లెలు తప్పు తనదేనని ఒప్పుకుంది. సాయంత్రం షిఫ్టుకు వేళైందని అప్పటికే లేచి సంచి భుజానికి వేసుకుంది. మిగిలిన పేజీలు ఫోటోలు చూసి మీరే సరిచేసుకోగలరని అక్కకు చెప్పింది. మళ్ళీ తను చెయ్యి పెట్టడానికి భయంగా ఉందంది.

తండ్రి సందు దగ్గరికి వంగి, పిన్ని మీద కోపం వచ్చిందా అని కూతుర్ని అడిగాడు.

వేలు ఖాళీ గడి మీదికి వెళ్ళి ఆగిపోయింది. తండ్రి ఇంకేదో అనబోయాడు. తల్లి అతని మోచేయి పట్టుకుంది. ఇన్నేళ్ళుగా అన్నం దగ్గర, బస్సులో, డాక్టరు గదిలో ఆ వేలు అక్కడ ఆగినప్పుడల్లా తాము మాట ఆపి ఎదురుచూసేవాళ్ళమని ఆమెకు ఇప్పుడు తెలిసింది. అది ఆలోచించుకునే చోటు. నా వంతు ఇంకా అయిపోలేదు అని చెప్పే చోటు.

ముగ్గురూ ఆగారు.

"కోపం ఉంది," అంది టాబ్లెట్. వేలు ఖాళీ మీదికి పోయి మళ్ళీ కదిలింది. "పిన్ని వెళ్ళు వద్దు."

పిన్ని ప్రెస్సుకు ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పింది. సంచి దించి కుర్చీకి తగిలించి, నేల మీద అక్క పక్కన కూర్చుని రెండో పేజీ ఫోటో తెరిచింది. కందిరీగ సందులోంచి బయటికి వచ్చి ఇద్దరి మధ్యా జాగా చేసుకుంది.