బుట్ట మూత మీద చెయ్యి

నాకు కోపం వస్తే ముందూ వెనకా కనపడదు. ఆ సంగతి మా గంగమ్మ పెళ్లైన కొత్తలోనే కనిపెట్టింది. నేను మాత్రం ఇప్పుడిప్పుడే ఒప్పుకుంటున్నాను.

పోయిన వానాకాలం "దేశానికి పప్పు తక్కువైంది, కంది వేయండి" అని అధికారులు మా ఝరాసంగం దాకా వచ్చి మరీ చెప్పారు. పత్తి మానుకుని ఐదెకరాలూ కందే వేశాను. తీరా కాయ ఎండే వేళకు బయటి దేశాల కందుల మీద సుంకం ఎత్తేశారు. ఓడలు వచ్చాయి, ధర పడిపోయింది. కంది చేతికి రావడానికి ఏడు నెలలు పడుతుంది. ఆ ఏడు నెలలైనా సర్కారు ఒక్క మాట మీద ఉండకపోతే మేం ఏం చూసి విత్తాలి?

ఇక ఇంట్లో కంది పేరే వినపడొద్దనుకున్నాను. విత్తనానికని గంగమ్మ మంచి గింజలు ఏరి, బూడిద కలిపి, బుట్టలో పోసి, మూత మీద మట్టి అలికి దాచింది. వాళ్లమ్మ దగ్గర్నుంచి వచ్చిన విత్తనం అది. తడి మట్టి మీద అరచెయ్యి అద్దడం వాళ్లింటి ఆనవాయితీ. చెయ్యి పడిన బుట్టను విత్తే రోజు దాకా ఎవరూ తెరవరు. ఆమె చేనుకు పోయిన పొద్దున నేను ఆ మూత పగలగొట్టి, గింజలు సంచిలో నింపి, ఆటో ఎక్కి జహీరాబాద్ పోయాను.

కందులు కొనే జగదీశ్ సంచి విప్పి, వేళ్లకంటిన బూడిద చూశాడు.

"శరణప్ప కాకా, గిది ఇత్తనం గదా! చిన్నమ్మకు ఎర్కేనా?"

నేను సంచిని కాంటా వైపు జరిపాను.

"సర్కారు మీద కోపం నాకూ ఉన్నది కాకా. పొద్దుగాల సరుకు కొంటే, మాపటికి ఏ ఆర్డరొస్తదో తెల్వది. గని ఇది మాత్రం నేను తూకం వెయ్య. తీస్కపో."

ఇంటికొచ్చేసరికి గంగమ్మ పగిలిన మూత ముందు కూర్చుని ఉంది. కళ్లు ఎర్రబడ్డాయి. సంచి పక్కన పెట్టాను.

"అమ్మలేదా?"

"జగదీశ్ కొనలే. కొంటే అమ్మేటోన్నే," అన్నాను. ఆమె ముఖం చూశాక అబద్ధానికి నోరు రాలేదు.

తిట్టినా బాగుండేది. ఆమె గింజలు బుట్టలో పోసి, మట్టి కలిపి, కొత్త మూత అలికింది. తన చెయ్యి అద్దలేదు. నా చెయ్యి పట్టి తడి మట్టి మీద పెట్టి, పైనుంచి తన అరచెయ్యితో నొక్కింది.

"సర్కారు మాట మారిస్తే మార్చనీ," అంది. "నువ్వు మారకు."

మట్టి బిగిసేదాకా నా చెయ్యి వదల్లేదు.