నాలుగు మాటల పాట

నేను ప్రాచీన చైనా కవిత్వం క్లాసులో కూర్చోవడానికి కారణం వంశీధర్. మా సీనియర్. "కళ్ళు మూస్కొని తీస్కో ధాత్రీ, మస్తు ఈజీ, పాసయిపోతవ్" అన్నాడు. తను ఆ కోర్సు మొహం కూడా చూడలేదని నేను చేరాక చెప్పాడు. ఆ ఏడాది కెనడాలోని ఒషావాలో ఏ బస్సెక్కినా సగం మంది మనవాళ్ళే. ఇన్ని వందల మందిలో చైనా పాటల పాలబడ్డది నేనొక్కదాన్నే.

నా అసలు చదువు లాజిస్టిక్స్. దానికి బయటి సబ్జెక్ట్ ఒకటి పాసవ్వాలని రూలు. అది పోతే గ్రాడ్యుయేషన్ ఆగుతుంది, గ్రాడ్యుయేషన్ ఆగితే వర్క్ పర్మిట్‌కి అప్లై చేయలేను. స్టడీ పర్మిట్ జూన్‌లో అయిపోతుంది. అంటే మూడు వేల ఏళ్ళ కిందట ఎవరో చైనా రైతు పాడుకున్న పాట నన్ను విమానం ఎక్కించి జగిత్యాలలో దింపగలదన్నమాట. తలుచుకుంటేనే ఒళ్ళు మండేది.

ప్రొఫెసర్ రిచ్‌మండ్ హిల్ అనే ఊరి నుంచి రోజూ కారులో వచ్చే సన్నపాటి మనిషి, చైనా ఆవిడ. నవ్వదు. కానీ ఆవిడ చెప్తుంటే వినబుద్ధయ్యేది, ఆ మాట ఒప్పుకోవాలి. మొదట్లో కవులు లేరట. పని చేసుకునేవాళ్ళే పాడుకునేవారట. పాదానికి నాలుగే మాటలు. ముందు ఒక పిట్టనో ఆకునో చెప్పి, ఆ తర్వాత తమ బాధ చెప్పుకునేవారు. రెండో చరణం కూడా అదే, ఒకటి రెండు మాటలు మారతాయంతే. ప్రజలు దేనికి సణుగుతున్నారో రాజుకి తెలియాలని కొలువు మనుషులు ఊరూరా తిరిగి ఆ పాటలు పోగు చేసేవారని చెప్పుకుంటారట. తర్వాత్తర్వాత దక్షిణాదిలో పాదాలు సాగాయి, మధ్యలో నిట్టూర్పులు చేరాయి. ఇంకా కొన్ని వందల ఏళ్ళకు పాదానికి ఐదు మాటలయ్యాయి. పాట కింద పేరు రాసుకోవడం అలవాటైంది అన్నిటికంటే చివర.

"మీరూ కొలువు మనుషులే," అని ఆవిడ పని అప్పగించింది. మన చుట్టుపక్కల ఎవరైనా పని చేస్తూ పాడుకునే పాట ఒకటి పట్టుకురావాలి. పాడినవాళ్ళు కాకుండా ఇంకొకరు, "పాడుతుండగా విన్నాను" అని సంతకం పెట్టాలి.

నేను బీటెక్ చేసిన దాన్ని. మా కాలేజీలో ల్యాబ్ రికార్డు అంటే ప్రయోగం చేయక్కర్లేదు. జవాబు ముందు రాసుకుని, రీడింగులు వెనక నుంచి వేసుకుంటూ వస్తాం. ఈ పాటనీ అలాగే తయారు చేశాను. పక్క ఊరు ఏజాక్స్‌లోని వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసే ఆడవాళ్ళు పాడుకునే పాట అని పేరు పెట్టి, హంసలూ వెన్నెలా దట్టించి, మూడు చరణాలు గిలికి, కింద ఇంగ్లీషు అర్థం రాశాను. సాక్షి సంతకం వంశీధర్‌ది. ఇంటర్‌లో కవితల పోటీలో ఫస్ట్ వచ్చిన చెయ్యి మరి! చదువుకుని నాకు నేనే మురిసిపోయాను.

ప్రొఫెసర్ దాన్ని రెండు వేళ్ళతో తిరిగిచ్చింది. "బాగుంది. కానీ దీన్ని ఎవరూ ఎప్పుడూ పాడలేదు. పెట్టె మోసేవాళ్ళకి ఇంత ఊపిరి ఉండదు." సున్నా. శుక్రవారం లోపల అసలుది తెస్తే సరే, లేకపోతే ఫెయిల్. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆవిడ చెప్పింది నిజమని తెలియడం వల్ల కోపం ఇంకాస్త పెరిగింది.

ఆదివారం మధ్యాహ్నం మేం ముగ్గురం అద్దెకుండే బేస్‌మెంట్‌లో వారానికి సరిపడా చపాతీలు చేసుకుంటాం. మధుమితది అనంతపురం, ఒత్తుతుంది. వాసవిది భీమవరం, కాలుస్తుంది. నేను పిండి కలుపుతాను. ఆ రోజు నేను తల వేలాడేసుకుని పిండి పిసుకుతున్నాను. వాళ్ళిద్దరూ ఎప్పటిలాగే చపాతీ కర్ర తాళానికి అందుకున్నారు.

చెరువు మీద మంచు పేరె
చేతులు రెండు కొంకర్లు పోయె
పైనున్న పెద్దాయనా, నీకు వినబడదా

కిటికి మీద మంచు పేరె
కాళ్ళు రెండు కొంకర్లు పోయె
పైనున్న పెద్దాయనా, నీకు వినబడదా

నా చెయ్యి పిండిలోనే ఆగిపోయింది. వేళ్ళ మీద లెక్కపెట్టాను. పాదానికి నాలుగు మాటలు. ముందు మంచు, తర్వాత బాధ. నవంబర్ నుంచి ప్రతి ఆదివారం నేనూ గొంతు కలుపుతున్న పాటే.

"ఇది ఎవరు కట్టిన్రే?" అన్నాను.

"నువ్వే కదా?" అంది వాసవి.

"నేను కాదు, మధు అనుకున్న."

"నేనేడ కట్టినా! మీరు పాడతాంటే నేనూ పాడినా, అంతే," అంది మధుమిత. "కారు మీద మంచు పేరె, చపాతి పిండి గడ్డ కట్టె, అది మాత్రం నాదే. అనుకుంటా."

పాట దొరికింది. సాక్షే చిక్కు. మా పాట గోడలు దాటి వినగలిగింది ఒక్కరే. పైనున్న పెద్దాయన.

రామమోహనరావు అంకుల్ మా ఇంటి ఓనరు, అమెరికాలో పదేళ్ళు చేసి ఇక్కడికొచ్చిన సాఫ్ట్‌వేర్ మనిషి. ఇంట్లో కూర్చునే ఉద్యోగం. వారమంతా చెవులకి హెడ్‌ఫోన్స్, ఎదురుగా స్క్రీను. మంచివారే కానీ ఆయనతో మాట్లాడాలంటే ముందు చెయ్యి ఊపాలి. ఆదివారం కదా, చెవులు ఖాళీగా ఉన్నాయి. హాల్లో సోఫా మీద ఉన్నారు. ఆంటీ, బాలత్రిపురసుందరి గారు, వంటింట్లో చిక్కుళ్ళు తుంచుతున్నారు.

విషయం చెప్పాను. అంకుల్ సంబరపడ్డారు. "వేడిగాలి వెంట్‌లోంచి వినబడుతూనే ఉంటుందమ్మా. మంచి ట్యూను. మాటలే తెలియవు. ఏదీ, చదువు."

చదివాను. పెద్దాయన అన్నచోట గొంతు తగ్గించినా తప్పించుకోలేకపోయాను. అంకుల్ మొహం ఎర్రబడింది.

"కింద చలేస్తోందా? ఒక్కసారైనా చెప్పారా నాకు?"

"నాలుగు నెలల్నుంచి పాడుతున్నం కద అంకుల్!"

ఆయన లేచి హాల్లో గోడకున్న, ఇంటి వేడిని నడిపే థర్మోస్టాట్ దగ్గరికి వెళ్ళారు. సరిగ్గా దాని మీదే ఎండ పడుతోంది. ఇల్లంతా వెచ్చగా ఉందని అది అనుకుంటోంది, ఆయనా అనుకుంటున్నారు. ఆయన చెయ్యి దాని మీదికి వెళ్ళగానే నాకు గాభరా పుట్టింది.

"అంకుల్, శుక్రవారం దాకా ఆగండి ప్లీజ్! వెచ్చగైతే వాళ్ళు పాడరు. నేను రికార్డింగ్ చేస్కోవాలె."

అంకుల్ నవ్వేశారు. మళ్ళీ సోఫాలో కూర్చుని, పెన్ను తీసి నా కాగితం మోకాలి మీద పెట్టుకున్నారు. "మూడు చరణాలేనా?"

"మూడే."

అప్పుడు వంటింట్లోంచి ఆంటీ, చిక్కుళ్ళ మీదనుంచి తల ఎత్తకుండా, మా ట్యూన్‌లోనే పాడారు. పాడారని కూడా అనలేం, పని మధ్యలో అలవాటుగా అనుకునేది పైకి వచ్చింది.

మెట్ల మీద మంచు పేరె
మాట నోట్లో గడ్డ కట్టె
పక్కనున్న పెద్దాయనా, నీకు వినబడదా

అంకుల్ పెన్ను పట్టుకునే వంటింటి వైపు తిరిగారు. నాకు నేల చీల్చుకుని బేస్‌మెంట్‌లో పడిపోవాలనిపించింది. ఆవిడ మీద జాలేసింది, ఆయన మీదా వేసింది.

"ఇదెప్పటి నుంచి సుందరీ?" అన్నారాయన.

"వీళ్ళు పాడుతున్నప్పటి నుంచేనండీ," అన్నారు ఆంటీ. "ఏదో, పొద్దుపోక."

అంకుల్ సంతకం పెట్టి, దాని పక్కన తెలుగులో "నాలుగూ విన్నాను" అని రాశారు. కాగితం నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళి, ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కుని, చిక్కుడుకాయ ఒకటి చేతిలోకి తీసుకున్నారు. దాన్ని ఏం చేయాలో ఆయనకి తెలిసినట్టు లేదు. ఆంటీ చూపించారు.

శుక్రవారం ప్రొఫెసర్ నేను కింద చేర్చిన నాలుగో చరణం దగ్గర చాలాసేపు ఆగింది. మూడు చరణాల దాకా అందరి గొంతూ ఒకటే అంది. నాలుగోది ఎవరో ఒంటరి మనిషిది, పాట ఎదిగిందంటే ఇక్కడే ఎదిగింది అంది. "ఇది ఎవరు పాడారు?"

ఆంటీ పేరు నా నాలుక చివరే ఉంది. ఇంత పొడుగు పేరు, ఇంత అందమైన పేరు.

"తెలీదు మేడమ్," అన్నాను.

పాసయ్యాను. ఆవిడకి నేను చెప్పిన రెండు అబద్ధాల్లో ఇదొక్కటే నాకు సిగ్గనిపించనిది.