గొంగడి కింద ఇంజను

దోలోన్ కనుమ ఇంకో రెండు మలుపులు ఉందనగా పాత జిగులీ కారు దగ్గింది, ఇంకోసారి దగ్గింది, ఆగిపోయింది. నూరిపా తాళం తిప్పింది. ఇంజను గిరగిరా తిరిగిందే గానీ అందుకోలేదు. మళ్ళీ తిప్పింది. ఊహూఁ, ససేమిరా.

"అయిపోయింది వదినా, ఇంక దిగు," అన్నాడు వెనక సీట్లోంచి మరిది కెంజెబెక్. ఆ గొంతులో దిగులన్నది వీసమెత్తు లేదు. ఎందుకుంటుంది? ముందు సీట్లో కూర్చున్న మామగారు ఇసాబెక్ పొద్దున టీ దగ్గర ఇంటిల్లిపాది ముందూ మాటిచ్చాడు. కోడలు ఈ బండిని కనుమ దాటించి, కొచ్కోర్‌లో తన చెల్లెలి గుమ్మం ముందు ఆపితే, ఇకమీదట తమ ఊరు అత్-బాషీ జనాన్ని ఈ బండిలో బజారుకు చేరవేసే పని ఆమెది. దాటించలేకపోతే తాళాలు తమ్ముడి కొడుకు కెంజెబెక్ చేతికి. ఆ పని కోసం నూరిపా పెళ్ళయినప్పటి నుంచీ మామగారి చెవిలో పోరుతూనే ఉంది. ఆమె తండ్రి సమష్టి వ్యవసాయ క్షేత్రం గ్యారేజీలో మెకానిక్. బొమ్మలతో ఆడుకునే వయసులో ఆ పిల్ల స్పానర్లతో ఆడుకుంది. కానీ ఆ మాట ఎవరికి కావాలి? కోడలంటే టీ పోసేదే అందరికీ.

ఆమె దిగి బానెట్ ఎత్తింది. ఆ దారిలో బానెట్ లేచిన బండిని చూసి ఆగకుండా పోయినవాణ్ణి మనిషిగా లెక్కవెయ్యరు. కాబట్టి గొర్రెల లారీ ఆగింది, వెనకే ఒక జీపు ఆగింది. ఆగినవాళ్ళు ఊరికే ఉంటారా, బానెట్ చుట్టూ చేరిపోయారు.

"బ్యాటరీ పోయుంటుంది," అన్నాడు జీపతను.

"బ్యాటరీ పోతే ఇంజను ఎలా తిరుగుతుందన్నా?" అంది నూరిపా. ఒక ప్లగ్గు వైరు ఊడదీసి ఇంజను ఇనుముకి దగ్గరగా పట్టుకుంది. "మరిదీ, ఆ పళ్ళికిలించడం ఆపి తాళం తిప్పు."

నీలంగా నిప్పు టపటపా ఎగిరింది. కరెంటు బాగానే ఉంది. వైరు తగిలించి, ఈసారి కార్బురేటరుకి వెళ్ళే పెట్రోలు గొట్టం లాగింది. పెట్రోలు పంపు పక్కనున్న చేతి మీట నొక్కింది. పెట్రోలు రాలేదు, బుడగలొచ్చాయి. ట్యాంకు నిండుగా ఉంది, పొద్దున మామగారే దగ్గరుండి పోయించాడు. పంపుని ముట్టుకుంటే వేలు చుర్రుమంది.

అప్పుడు తట్టింది. పంపు మీదా, ఇంజను మీదా పసిబిడ్డకి కప్పినట్టు చుట్టూ దోపి ఉంది, ఇందాక చెయ్యి పట్టేంత అంచు ఎత్తి పని చేసిన ఆ మందపాటి ఉన్ని గొంగడి. చలికాలంలో ఇంజను చల్లబడిపోకుండా ఆ వైపు ప్రతి బండికీ ఒకటి ఉంటుంది. పొద్దున మంచు పడితే ఇసాబెక్ దాన్ని తన చేతుల్తో కప్పాడు. మేనెల ఎండలో కనుమ ఎక్కబోయే ముందు తియ్యడం మరిచాడు. వేడి బయటికి పోయే దారి లేక పంపులోని పెట్రోలు మరిగి ఆవిరైపోయింది.

నూరిపా ఒక్క మాట అంటే చాలు, తప్పు తనది కాదని తేలిపోతుంది. కానీ ఈ దారిలో ఆయన జీవితమంతా టపా లారీ నడిపాడు. బండ్లు దిగగానే లారీ అతనూ, జీపతనూ ఆయనకి రెండు చేతులూ చాచి సలాం చేశారు. వాళ్ళ ముందు ఆ మాట ఎలా అంటుంది?

"మంచి పని చేశారు మావయ్యా, గొంగడి తెచ్చారు," అంది. దాన్ని లాగి, రోడ్డు పక్క కరగని మంచు గంపెడు అందులోకి ఎత్తి, పంపు చుట్టూ అదిమి పట్టింది.

"పాతకాలపు డ్రైవరంటే అదీ," అన్నాడు లారీ అతను. "ఏది ఎప్పుడు కావాలో ముందే తెలుసు."

"తొక్కీ తొక్కీ ఇంజను కాల్చేసింది వదిన," అన్నాడు కెంజెబెక్ అందరికీ వినపడేలా. "ఆడవాళ్ళకిస్తే ఇంతే."

నూరిపా చేతులు మొద్దుబారేదాకా మంచు మారుస్తూనే ఉంది. ఇసాబెక్ ఆ గొంగడినే చూస్తూ నిలబడ్డాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

పంపు చల్లబడ్డాక మీట నొక్కితే పెట్రోలు చివ్వున చిమ్మింది. గొట్టం బిగించి, తాళం తిప్పింది. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది.

"సరే, కదిలింది," అన్నాడు కెంజెబెక్. "కానీ పెదనాన్నా, బండిని ఇలా కాల్చేవాళ్ళకి..."

"నోరు ముయ్యి," అన్నాడు ఇసాబెక్. నెత్తి మీది తెల్ల టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఆ గొంగడి కప్పింది నేను. తియ్యడం మరిచింది నేను. బండికి ఊపిరాడకుండా చేసింది నేను. ఈ పిల్ల చూడగానే కనిపెట్టింది. మీ ముందు నా తల వంచడం ఇష్టంలేక, తాళాలు చేజారిపోతాయని తెలిసి కూడా పెదవి విప్పలేదు."

కెంజెబెక్ వెనక సీట్లోకి దూరి తలుపు వేసుకున్నాడు.

"ఎవరి కూతురన్నా ఈమె?" అని అడిగాడు లారీ అతను.

గ్యారేజీ మెకానిక్ అయిన తన తండ్రి పేరు చెబుతాడనుకుంది నూరిపా. కొత్తవాళ్ళు అడిగితే ఎప్పుడూ అదే చెప్పేవాడు.

"నా కూతురు," అన్నాడు ఇసాబెక్, ఎదురుకొండకి వినపడేంత గట్టిగా. "రేపటి నుంచి మీకు ఈ దారిలోనే కనపడుతుంది. మలుపుల్లో దారివ్వండి."