పదకొండో అంకె

ఐలీ తన భర్త రేనో నీలం చొక్కాకి ఇస్త్రీ చేస్తోంది. "కాలరు మడత పడకుండా చూడు, ఫోటోలో పడుతుంది," అన్నాడతను పక్కగదిలోంచి. లాటరీ గెలిచినవాళ్ళు నిలువెత్తు చెక్కు పట్టుకుని ఫోటో దిగాల్సిందే. సరిహద్దు అవతలి దేశంలో కొన్ని రాష్ట్రాల్లో పేరు దాచుకోనిస్తారట, ఇక్కడ అలా కుదరదు. ఫోటోకి ముందు విచారణ ఒకటుంది. లాటరీ టికెట్లు అమ్మే కొట్టులో పనిచేసేవాళ్ళ ఇంట పెద్ద బహుమతి తగిలితే, కొన్నదెవరు, అంకెలెవరివి అని అడిగిగానీ ఇవ్వరు. ఆ కొట్టులో పనిచేసేది ఐలీ. "అక్కడ నువ్వు నోరు తెరవకు. నేను చూసుకుంటా," అని ఉదయం నుంచి మూడుసార్లు చెప్పాడు.

ఇరవై రెండేళ్ళుగా ఆమె కౌంటరు దగ్గర నిలబడి, "ముందు సంతకం చెయ్యండి, తర్వాతే మెషీన్‌లో పెడతాను," అని వచ్చినవాళ్ళందరికీ చెబుతూనే ఉంది. సంతకం ఎవరిదైతే టికెట్ వాళ్ళది. తన టికెట్ మాత్రం తను పనిచేసే కొట్టులో కొనకూడదు కనుక, తమ ఊరు థండర్ బే మంచులో రెండు వీధులు నడిచి కొని, సంతకం పెట్టకుండానే ఇంటికి తెచ్చేది. కాఫీ తాగుతూ రేనో దానిమీద సంతకం పెట్టేవాడు. కరెంటు బిల్లు మీద ఉన్న పేరే దీనిమీదా ఉండేది. అందులో తప్పేముందో ఆమెకి ఏనాడూ తట్టలేదు. ఇప్పుడు తడుతుంటే, ఇంత ఆలస్యంగా తట్టినందుకే సిగ్గుగా ఉంది.

లాటరీ ఆఫీసులో విచారణ చేసిన దుసెట్ అనే అమ్మాయికి ముప్పై ఏళ్ళుండవు. బల్లమీద ఒక ఫోటో పెట్టింది. టికెట్ కొన్న కొట్టు కెమెరాలోది. అల్లిక టోపీ నిండా మంచుతో, చిల్లర లెక్కపెట్టుకుంటున్న ముసలామె. ఐలీయే.

"నేనే పంపాను," అన్నాడు రేనో.

"సరే. అంకెలు ఎవరు ఎంచుకున్నారు?"

"నేనే. పుట్టినరోజులు, పెళ్ళిరోజు, అవే."

"నలభయ్యో తేదీ ఎవరి పుట్టినరోజండీ?"

రేనో నవ్వబోయి దగ్గాడు. "అదా... పాత ఇంటి నంబరు."

ఆ అంకెలన్నీ ఐలీ ఎంచుకున్నవే. నలభై అమ్మ చనిపోయిన ఆసుపత్రి మంచం నంబరు. ఇరవై ఏడు అక్క పడమటికి బస్సెక్కిన తేదీ. కిటికీలోంచి చెయ్యి ఊపింది, మళ్ళీ రాలేదు. పదకొండు ఎవరికీ చెప్పలేదు. పాప పోయినప్పుడు రేనో అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది: "పదకొండు రోజుల పిల్లకి ఇంత ఏడుపా? ఇక లే, వంట చూడు." లేచింది, వండింది. పిల్ల పేరు ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కొన్నేళ్ళకి లాటరీ చీటీ మీద పదకొండు దగ్గర గీత గీసింది. చచ్చిన బిడ్డని జూదంలో పెట్టిందంటారని భయపడి ఎవరికీ చెప్పుకోలేదు. వారానికోసారి ఆ బిడ్డని గుర్తుచేసుకునే చోటు ఆమెకి మరొకటి లేదు.

"పదకొండు మా పాపది," అంది. "పదకొండు రోజులు బతికింది. పేరు హెల్మి."

"ఐలీ! ఇప్పుడదెందుకు?"

దుసెట్ రాయడం ఆపింది. మెల్లగా అంది: "ఇద్దరి మాటలూ కలవకపోతే బహుమతి ఆగిపోతుందండీ. ఎన్నాళ్ళో చెప్పలేను, అసలు రాకపోవచ్చు కూడా. తెలిసే చెబుతున్నారా?"

బల్లకింద రేనో ఆమె మోకాలు గట్టిగా నొక్కాడు. "పెద్దదైపోయిందండీ, ఏదేదో అంటుంది," అన్నాడు పైకి నవ్వుతూ.

ఐలీ బల్లమీది ఫోటో వైపు చూసింది. ఇన్నేళ్ళూ మంచులో నడిచిన ఆ మనిషికి ఎదురుపడి ఏం చెప్పగలదు? మోకాలి మీద ఉన్న చేతిని తీసి పక్కన పెట్టింది. దుసెట్ రాస్తున్న వాంగ్మూలం కాగితాన్ని దగ్గరికి లాక్కుని, ఆమె చేతిలోని కలం అడిగి తీసుకుంది. ఊరందరికీ చెప్పిన మాటని మొదటిసారి తనకి తాను చెప్పుకుంది: ముందు సంతకం చెయ్యి.