ఖాళీ గళ్ళు

"నీకెలాగూ నాలుగు రోజులూ సెలవేగా" అంది మా అత్తగారు, కుర్చీ మీద నిలబడి మా పడగ్గది తెరలు విప్పుతూ. నేనింకా బూట్లు కూడా విప్పలేదు. చేతిలో సూట్‌కేసు, భుజాల మీద చారలున్న తెల్ల చొక్కా, కళ్ళల్లో ఇసక పోసినట్టు మంట. మంచం ఎదురుగానే ఉంది గానీ దాని మీద ఉతకాల్సిన దుప్పట్లు గుట్టగా పడున్నాయి. ఆవిడ తెర అందించింది, నేను అందుకున్నాను. ఎవరేం అందించినా అందుకోవడం నాకు బాగా అలవాటు.

నేను సరుకు విమానం నడుపుతాను. ఎడమవైపు సీట్లో కెప్టెన్, కుడివైపు నేను, వెనకంతా పెట్టెలు. చేరి ఇంకా ఏడాది కాలేదు. మా కంపెనీలో నెలనెలా డ్యూటీలు పంచే పద్ధతి ఒకటుంది. ముందు చేరినవాళ్ళు ముందు ఎంచుకుంటారు, తర్వాత వాళ్ళ వెనక చేరినవాళ్ళు, అలా దిగుతూ దిగుతూ చిట్టచివరికి నా దగ్గరికొస్తుంది. అప్పటికి ఆదివారాలూ, మంచి ఊళ్ళూ, పగటి ప్రయాణాలూ అన్నీ అయిపోయి, ఎవరికీ అక్కర్లేనివి మిగులుతాయి. శిక్షణలో ఈ సంగతి చెప్పినప్పుడు నాతో చేరిన కుర్రాళ్ళు గోలపెట్టారు. నాకు మాత్రం అందులో కొత్తేమీ కనిపించలేదు. మా ఇంట్లోనూ అదే పద్ధతి. ఆదివారం మా ఆయనది. మధ్యాహ్నం కునుకు అత్తగారిది. పుట్టింటికి వచ్చినప్పుడల్లా పొద్దెక్కేదాకా పడుకునే హక్కు ఆడపడుచుది. ఈ ఇంట్లో నా తర్వాత చేరింది వాషింగ్ మెషీన్ ఒక్కటే. దాన్నయినా వరసగా రెండోసారి వెయ్యబోతే అత్తగారు ఆపుతుంది, "మోటారు కాలిపోతుంది, కాసేపు చల్లారనీ" అని.

నా డ్యూటీల పట్టికని మా ఆయన ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించాడు. "నువ్వెప్పుడుంటావో తెలిస్తే ప్లాన్ చేసుకోవచ్చు కదా" అన్నాడు. నా మీద ప్రేమనుకున్నాను, పిచ్చిదాన్ని. డ్యూటీ ఉన్న గళ్ళ జోలికి ఎవరూ పోలేదు. ఖాళీగా ఉన్న గళ్ళు మాత్రం వారం తిరక్కుండా నిండిపోయాయి. ఒక గడిలో అత్తగారి కంటి డాక్టరు, ఒక గడిలో గ్యాస్ పొయ్యి రిపేరు, ఆ నాలుగు గళ్ళ మీదుగా ఆ చివర్నించి ఈ చివరిదాకా గీత గీసి "చెల్లి ఇల్లు మారడం" అని ఆయన చేతిరాత. ఆయన బీమా కంపెనీలో పనిచేస్తాడు. సాయంత్రం ఆయన చెప్పులు విప్పిన చప్పుడు వినగానే అత్తగారు టీవీ సౌండు తగ్గించి, "అలిసొచ్చాడు" అని నాకు గుర్తుచేస్తుంది. నేను ఎక్కడెక్కడో తిరిగి తెల్లారి ఇల్లు చేరితే, "వచ్చావా, పాలు పొంగుతున్నాయి చూడు" అంటుంది.

ఆ నాలుగు రోజులూ ఆడపడుచు ఇంట్లో పెట్టెలు సర్దాను. డ్యూటీలో పెట్టెలు ఎక్కించేవాళ్ళు వేరే ఉంటారు, ఇక్కడ అదీ నేనే. గాజు సామాను కాగితాల్లో చుట్టి, పుస్తకాలు కట్టలు కట్టి, కొత్తింట్లో మళ్ళీ అన్నీ విప్పి, అలమరలు తుడిచి సర్దాను. మా ఆయన లారీవాడితో ఫోన్లో మాట్లాడాడు. అది చాలా పెద్ద పని అని ఆ తర్వాత చాలామందికి చెప్పాడు. చివర్లో ఆడపడుచు, "కొత్తింట్లో కిటికీలు పెద్దవి వదినా, నీ గది తెరలు సరిగ్గా సరిపోతాయి. నువ్వెలాగూ ఇంట్లో ఉండేది తక్కువ" అంది. ఉతికి ఆరేసిన తెరలు అటునించటే వెళ్ళిపోయాయి. రాత్రుళ్ళు విమానం నడిపేవాళ్ళు పగలే నిద్రపోవాలని, పగలు నిద్రపోవాలంటే గది చీకటిగా ఉండాలని ఎవరికీ తట్టలేదు. తట్టలేదంటున్నాను గానీ, ఎన్నిసార్లు చెప్పానో నాకు తెలుసు. హాల్లో మాత్రం మందపాటి తెర అలాగే ఉంది. అది లేకపోతే మధ్యాహ్నం టీవీ మీద ఎండ పడి అత్తగారికి సీరియల్ కనిపించదు.

ప్రతి ఫ్లైటుకి ముందు మేమిద్దరం ట్యాబ్‌లో ఒక మాట ఒప్పుకోవాలి: "నేను తగినంత విశ్రాంతి తీసుకున్నాను, నడపగలను." ఆ సెలవులయ్యాక మొదటి రాత్రి కెప్టెన్ ఒప్పుకున్నాడు. నేనూ ఒప్పుకున్నాను. నా జీవితంలో మొగుడితో కూడా అంత అలవోకగా అబద్ధం ఆడలేదు.

తెల్లవారుతుండగా కెప్టెన్, "కాసేపు చూసుకోమ్మా" అని వెనక బాత్రూంకి వెళ్ళాడు. ఆ కాసేపూ విమానం నాది. ఎదురుగా సూర్యుడు లేస్తున్నాడు, మొహం వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం ఒక్కటే గుర్తుంది. తర్వాత భుజం మీద చెయ్యి, చెవిలో మా విమానం నెంబరుని పదేపదే పిలుస్తున్న కంట్రోలర్ గొంతు. జవాబు కెప్టెనే చెప్పాడు. చెప్పి, తన సీట్లో కూచుని, విమానం తన చేతుల్లోకి తీసుకున్నాడు. కింద ఊళ్ళున్నాయి, ఊళ్ళల్లో మనుషులు నిద్రపోతున్నారు.

దిగాక అడిగాడు, "సెలవుల్లో ఏం చేశావమ్మా?"

"రెస్టే సార్."

"నేను ఇంటికెళ్తే మా ఆవిడ తెరలు వేసి, కాలింగ్ బెల్ ఆపేసి, పిల్లల్ని వాళ్ళ అమ్మమ్మ దగ్గరికి పంపిస్తుంది. ఇరవయ్యేళ్ళుగా అంతే. అందుకే కెప్టెన్ సీట్లో ఉన్నాను." బ్యాగు భుజానికి తగిలించుకుని అన్నాడు, "ఇది కంపెనీకి చెప్పాలి, చెప్తాను. చాడీ అనుకోకు. అలిసిపోయానని ముందే చెప్తే నిన్నెవరూ ఏమీ అనరు. కొత్తవాళ్ళు ఉద్యోగం పోతుందని చెప్పరు. చెప్పనివాళ్ళంటేనే నాకు భయం."

కంపెనీ పిలిచింది. తిట్టలేదు, నిద్ర ఎందుకు చాల్లేదని అడిగింది. పక్కింట్లో గోల అన్నాను. ఇంటి పరువు కూడా నేనే మోయాలి కదా. ఆ పక్కింట్లో ఉండేది ఒంటరి ముసలాయన, పాపం, ఆయన దగ్గు కూడా మాకు వినిపించదు.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. సీట్లో నిద్రపోయానని. ఆయన కంగారుపడతాడేమో, ఒక్కసారి దగ్గరికి తీసుకుంటాడేమో అనుకున్నాను. ఫోన్లోంచి తలెత్తి, "ఆటోపైలట్ ఉంటుందిగా" అన్నాడు. తర్వాత నవ్వి, "అయినా నీ వెనకున్నవి పెట్టెలేగా, వాటికేం తెలుస్తుంది" అన్నాడు. ఆ పెట్టెల ముందు నేనున్నానని ఆయనకి గుర్తు రాలేదు.

"వచ్చే సెలవుల్లో ఆఖరి రోజొకటి నాకు వదిలెయ్యండి. ఆ సాయంత్రంతో సెలవు ముగిసి డ్యూటీ మొదలవుతుంది, పగలంతా పడుకోవాలి" అన్నాను.

"ఎవరు పట్టుకున్నారు నిన్ను? పడుకో. నాకు చెప్పాలా?" అన్నాడు.

ఆ తర్వాత సెలవులకి ఆడపడుచు తన అత్తవారిని, తోటికోడల్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. కొత్తిల్లు ఇంకా సర్దుకోలేదట. నేను సర్దిన ఇల్లది. వంటలు, పక్కలు, మళ్ళీ పక్కలు. మూడు రోజులు గడిచాయి, నాలుగోది నాదని పళ్ళు బిగబట్టుకుని ఉన్నాను. నాలుగో రోజు పొద్దున్నే అత్తగారు తలుపు తోసి, "వాళ్ళు ఇవాళ వెళ్ళిపోతున్నారు, దార్లోకి ఏమైనా చేసివ్వాలి. ఇవాళ ఒక్కరోజేగా" అంది. గదిలో అప్పటికే ఎండ పరుచుకుని ఉంది. లేచాను.

వాళ్ళు బయల్దేరేసరికి మధ్యాహ్నమైంది. సింకు నిండా గిన్నెలు. అత్తగారు హాల్లో తెర లాగి సీరియల్ పెట్టుకుంది. ఇస్త్రీ చేసిన నా తెల్ల చొక్కా తలుపుకి వేలాడుతోంది. మా ఆయన ఆఫీసుకి సెలవు పెట్టాడు, చెల్లెలు వెళ్తోందని. బల్ల దగ్గర కూచుని, "టీ పెట్టేసి బయల్దేరు, లేటవుతుంది" అన్నాడు. నేను గిన్నె తోముతూ ఒక్క క్షణం కళ్ళు మూశాను, మొహం మీద అదే వెచ్చదనం. సబ్బు నీళ్ళల్లోంచి స్పూను జారి కింద పడి ఠంగుమంది. ఉలిక్కిపడ్డాను. సింకు దగ్గర కాబట్టి పడింది స్పూను.

చేతులు తడిగా ఉన్నాయి. మోచేత్తో ఫోన్ దగ్గరికి జరుపుకుని, వేలి చివరతో నెంబరు నొక్కి, స్పీకర్లో పెట్టాను. డ్యూటీలు వేసే షెడ్యూలింగ్‌లో ఒకావిడ ఎత్తింది. పేరు, ఉద్యోగి నెంబరు చెప్పాను.

"ఇవాళ సాయంత్రం ఫ్లైటుకి రాలేను. అలిసిపోయాను, నడిపే స్థితిలో లేను."

మా ఆయన కుర్చీలోంచి సగం లేచి, "ప్రొబేషన్, ప్రొబేషన్" అని గుసగుసగా అంటూ ఫోన్ కట్ చెయ్యమని చేత్తో సైగ చేశాడు. నాకు భయం వెయ్యకపోలేదు. ఈ చొక్కా కోసం నేను పడ్డ పాట్లు నాకు తెలుసు. అది పోతే ఈ ఇంట్లో నాకు ఖాళీ గళ్ళే మిగులుతాయి. కానీ ఆ సీట్లో ఇంకోసారి అబద్ధమాడి కూచోలేను.

"సరేనండీ, వేరేవాళ్ళని పిలుస్తాను" అందావిడ. కీబోర్డు చప్పుడు వినిపించింది. "కారణం ఒకటి రాయాలి. క్రితంసారి పక్కింటి గోల అని ఉంది. అదేనా?"

"కాదు. అది అబద్ధం."

"వరసగా డ్యూటీలు పడ్డాయా?"

"లేదు."

"మరి ఏమని రాయమంటారు?"

హాల్లో సీరియల్ సౌండు తగ్గింది. అత్తగారు వింటోంది. మా ఆయన కళ్ళు ఫ్రిజ్ మీది కాగితం వైపు పోయాయి.

"నాలుగు రోజులు సెలవిచ్చారు కదా" అన్నాను. "అదే రాయండి."

అవతల కీబోర్డు మళ్ళీ టకటకలాడింది. తర్వాత ఆవిడ మెల్లగా, "రాశానండీ. ఇప్పట్నించి మీకు విశ్రాంతి. మా వైపు నించయితే ఎవరూ లేపరు" అంది.

చేతులు తుడుచుకున్నాను. భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ఒకటి హాల్లోకి లాక్కెళ్ళి, ఎక్కి, ఆ మందపాటి తెరని కమ్మీతో సహా ఊడదీశాను. టీవీ మీద ఎండ పడింది. "అదేంటే, అదెక్కడికి?" అంది అత్తగారు, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"నా గదికి" అన్నాను.